పద్నాలుగో నంబరు జాగా

ఓపల్ ట్రెడ్‌వే అయోవాలో ఇరవై ఏడేళ్లు స్కూలు బస్సు నడిపింది. మోకాళ్లలోతు మంచు పడ్డ ఉదయాల్లో, వెనక అరవై మంది పిల్లలు గోల చేస్తుంటే, పొలాల మధ్య సందుల్లోకి బస్సును వెనక్కి తిప్పిన మనిషి. అందుకని పికప్ ట్రక్కు వెనక, లోపలే కాపురముండే ముప్ఫై రెండు అడుగుల ట్రైలర్ తగిలించుకుని కొండదారుల్లో తిరగడం ఆమెకు ఒక లెక్క కాదు. అద్దంలో ఓసారి చూసి, స్టీరింగు రెండుసార్లు తిప్పిందంటే ట్రైలర్ చెప్పినచోటికి వెళ్లి నిలబడేది. ట్రైలర్లు ఆగే క్యాంపుల్లో మగవాళ్లు కుర్చీలు వేసుకుని కొత్తవాళ్ల అవస్థ చూసి నవ్వుకుందామని కూచునేవారు. ఓపల్ బండి వస్తే వాళ్లకు వినోదం దక్కేది కాదు.

ఆమెకు చేతకానిది బండి ఆపిన తరువాత పని. ట్రైలర్‌ను మట్టంగా నిలబెట్టడం.

అది మొదటినుంచీ వెండెల్ పని. వెండెల్ ఆమె భర్త, టైల్స్ మేస్త్రీ. ఆస్పత్రులకూ స్కూళ్లకూ నేలలు పరిచి మోకాళ్లు అరగదీసుకున్నవాడు. కొత్తగా పరిచిన నేలమీద చెప్పులు విప్పి ఓసారి నడిస్తే, గోరు మందం వాలు ఎక్కడున్నా అతని పాదానికి తెలిసిపోయేది. ఇద్దరూ పనులు మానేసి, ఇల్లు అమ్మేసి ట్రైలర్‌లో కాపురం పెట్టిన మొదటి నాలుగేళ్లూ ఓపల్ బండి నడిపేది, వెండెల్ మట్టం చూసేవాడు. పల్లంగా ఉన్న వైపు చక్రాల కింద చెక్కలు పెట్టి, చక్రాలు దొర్లకుండా అడ్డుకట్టలు వేసి, పికప్ నుంచి విప్పి, ట్రైలర్ ముందు మూతి దగ్గరి జాకీ ఎత్తో దించో ముందువెనకలు సరిచేసి, చివర్న నాలుగు మూలల జాకీలూ నేలకు ఆనించి, "ఇక దిగవే రాణీగారూ" అనేవాడు. అప్పుడు ఓపల్ లోపలికెళ్లి మీట నొక్కేది. సోఫా, భోజనాల బల్ల ఉన్న పక్కగోడ మొత్తం మెల్లగా బయటకు జరిగి, ఇరుకు సందులా ఉన్న ట్రైలర్ కాస్తా ఇల్లయ్యేది.

ఐదో ఏడాది మార్చిలో వెండెల్‌కు చెవి జబ్బు వచ్చింది. లోపలి చెవిలో నీరు పెరుగుతుందట. ఉన్నట్టుండి గది గిర్రున తిరుగుతుంది, వాంతులవుతాయి, ఎడమ చెవిలో రోజంతా తేనెటీగల రొద. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, కాఫీ మానమన్నాడు, వంగి బరువులెత్తే పనులు వద్దన్నాడు. జబ్బు పోతుందని మాత్రం అనలేదు. దాంతో చెక్కలూ జాకీలూ అన్నీ ఓపల్ నెత్తిమీద పడ్డాయి.

అక్టోబరు మొదటి వారంలో వాళ్లు ఆర్కన్సా కొండల్లోని ఓ చెరువుగట్టు క్యాంపుకొచ్చారు. నవంబరు చివరిదాకా అక్కడ వచ్చేపోయేవాళ్లను చూసుకునే పని ఓపల్ ఒప్పుకుంది. ఉండడానికి పద్నాలుగో నంబరు జాగా ఇచ్చారు. దాన్ని చూడగానే ఓపల్ పికప్ దిగకుండానే తిట్టింది. తలుపున్న కుడివైపు చెరువుకేసి పల్లం, పైగా ముందునుంచి వెనక్కి ఇంకో వాలు. నేలంతా ఓక్ చెట్ల వేళ్లు తేలి ఉన్నాయి.

"ఇది జాగా కాదు, జారుడుబల్ల!" అంది.

వెండెల్ ఓక్ చెట్టు మొదలుకు ఒక చెయ్యి ఆనించి, మడత కుర్చీలో కూచున్నాడు. ఈమధ్య దేన్నైనా పట్టుకోందే కూచోవడం లేదు. "మూడు అంగుళాలు," అన్నాడు. "రెండు చెక్కలు చాలవు. మూడు పెట్టు."

"చూసి చెప్తున్నావా, ఊరికే అంటున్నావా?"

"నలభై ఏళ్లు చూశానే."

ఓపల్ రెండే పెట్టింది. తను కొలిచింది రెండున్నర. మెల్లగా వెనక్కి పోనిచ్చి కుడిచక్రాలు రెండూ చెక్కలమీదికెక్కించి, దిగి, గడప దగ్గర రసమట్టం పెట్టి, దాని గాజుగొట్టంలో బుడగ చూసింది. బుడగ గీత దాటి ఎడమకు నిలబడింది, కుడివైపు ఇంకా పల్లమే. మళ్లీ ముందుకు లాగింది, మూడో చెక్క పెట్టింది, మళ్లీ ఎక్కించింది. అప్పుడు కుడివైపు ఎత్తయింది. మళ్లీ ముందుకు. మూడో చెక్క తీసేసి దానికంటే పలచటి బద్ద పెట్టింది. ఈలోగా పక్క జాగాలోంచి హార్లన్ పిట్స్ అనే పెద్దాయన, చేతిలో కాఫీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు. మిస్సోరీలో ధాన్యం గిడ్డంగి నడిపి మానేసిన మనిషి. ఏటా అక్టోబరంతా ఈ క్యాంపులోనే ఉంటాడు. ఓపల్ చక్రాల దగ్గర మోకాళ్లమీద ఉంటే ఆయన వెండెల్‌తో మాట్లాడాడు.

"గురూ, మీ ఆవిడ చెక్కలమీద చెక్కలు పేరుస్తోందేంటి? నా దగ్గర డ్రిల్లుంది. మూలజాకీ బిగించి చక్కగా ఎత్తేద్దాం, రెండు నిమిషాల పని."

"మూలజాకీలు ఎత్తడానికి కాదండీ," అంది ఓపల్ కిందనుంచే. "ఊగకుండా పట్టుకోవడానికి. వాటితో ఎత్తితే అడుగుచట్రం మెలితిరుగుతుంది."

"నేను పన్నెండేళ్లుగా ఎత్తుతున్నా తల్లీ. నాదేం మెలితిరగలేదు," అని నవ్వి, మళ్లీ వెండెల్ వైపే తిరిగి, "ఆడాళ్లకు పుస్తకంలో రాసిందే వేదం," అన్నాడు.

వెండెల్ నవ్వాడో లేదో ఓపల్‌కు కనబడలేదు. కానీ ఏమీ అనలేదు. అందుకే ఆమెకు ఎక్కువ మండింది.

ఐదోసారికి అడ్డం మట్టం కుదిరింది. అడ్డుకట్టలు వేసి, పికప్ విప్పి, మూతిజాకీ కొంచెం దించింది. పొడుగు మట్టమూ వచ్చింది. నాలుగు మూలల జాకీలూ చేత్తో తిప్పి, నేలకు తగిలీ తగలగానే ఆపేసింది. నడుము పట్టేసింది, మోచేతులదాకా బురద. ఇక మీట నొక్కడమే ఉంది. ఇంతలో ఆఫీసునుంచి నోరీన్ ఫోను చేసింది. క్యాంపు మేనేజరు ఆవిడే. తాళాలు తీసుకుని సంతకం పెట్టి పొమ్మంది, ఐదింటికల్లా తను వెళ్లిపోవాలట.

"నేనొచ్చేదాకా ఏం ముట్టుకోకు," అని వెండెల్‌కు చెప్పి ఓపల్ ఆఫీసుకు నడిచింది.

అరగంట పట్టింది. తిరిగొచ్చేసరికి వెండెల్ కుర్చీలో లేడు. లోపల, చివరి పడకగదిలో పడుకుని ఉన్నాడు. మొహం పాలిపోయింది. "మళ్లీ మొదలైంది," అన్నాడు కళ్లు తెరవకుండా. ఓపల్ అతని పక్కన ప్లాస్టిక్ గిన్నె పెట్టి, సోఫా గది బయటకు జరిగితేగానీ స్నానాలగది తలుపు పూర్తిగా తెరుచుకోదు కనుక, వెంటనే వెళ్లి మీట నొక్కింది.

గది జానెడు కదిలింది. తరువాత మూలిగింది. ఒక చివర ముందుకెళ్లింది, రెండో చివర ఆగిపోయింది. ఎక్కడో టప్ మని శబ్దమొచ్చి అంతా నిలిచిపోయింది. సోఫా వంకరగా తిరిగి, స్నానాలగది తలుపుకు అడ్డంగా ఇరుక్కుంది. మళ్లీ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు.

"ఓపల్, బాత్రూముకెళ్లాలి," అన్నాడు వెండెల్ లోపలినుంచి.

"గిన్నె ఉందిగా!"

"గిన్నెతో అయ్యే పని కాదు."

ఆమె బయటకు దూకి చుట్టూ తిరిగి చూసింది. వెనక కుడి మూలజాకీ, ఆమె తిప్పినదానికంటే బెత్తెడు ఎక్కువ సాగి, ఆ మూలను పైకెత్తేసి ఉంది. దాని పాదం మట్టిలో కూరుకుపోయింది. వెనకచక్రం చెక్కమీద ఆనీ ఆనకుండా ఉంది. చేత్తో తడిమితే టైరుకూ చెక్కకూ మధ్య సందులో వేళ్లు పట్టాయి.

"పిట్స్ గారూ!" అని ఆమె వేసిన కేకకు చెరువుమీది బాతులు ఎగిరిపోయాయి.

హార్లన్ తన ట్రైలర్ మెట్లమీద ఉన్నాడు. "ఏమ్మా?"

"నా జాకీ ఎవరు ముట్టుకున్నారు?"

"కొంచెం... ఓ చెయ్యేశానంతే. వెనక మూల దిగినట్టుంది కదా అని."

"నేనడిగానా?"

"నువ్వు లేవు. మీ ఆయనే అన్నాడమ్మా, కుడివైపు దిగిందని. ఇంటాయన చెప్పాక ఇంకేముంది?"

ఓపల్ కిటికీ దగ్గరకెళ్లి, "వెండెల్, నువ్వు చెప్పావా?" అంది.

లోపలినుంచి నీరసంగా జవాబొచ్చింది. "కుడికి వాలినట్టనిపించింది."

"నేను ఐదుసార్లు ఎక్కించి దించాను కదా! నీ కళ్లముందే కదా! బుడగ మధ్యలో ఉందని చూపించాను కదా!"

"అనిపించిందే, ఓపల్. ఏం చెయ్యమంటావ్?"

"నోరు మూసుకోమంటాను!"

హార్లన్ భార్య జోయెట్టా తలుపు తీసి బయటకు చూసి, మళ్లీ వేసుకుంది.

ఓపల్‌కు ఏడుపొచ్చింది గానీ ఏడవడానికి తీరిక లేదు. పడమట మబ్బు పట్టి ఉంది. సగం బయటకొచ్చిన గది పైభాగాన సందుంది. వాన పడితే నీళ్లన్నీ సోఫామీదికే. ముందు ఆ జాకీని దించింది. ట్రైలర్ ఒళ్లు విరుచుకున్నట్టు కిర్రుమని చక్రంమీదికి దిగింది. తరువాత కాలిపోయిన ఫ్యూజు మార్చింది. మీట నొక్కితే మోటారు గుర్రుమంటుంది గానీ గది కదలదు. ఇక మిగిలింది చేత్తో తిప్పడమే. దానికి అడుగుచట్రం కింద రబ్బరు బిరడా వెనక ఒక ఇరుసుంటుంది. పొడుగాటి ఇనుపపిడి తగిలించి తిప్పాలి. పుస్తకంలో బొమ్మ చూసిందే తప్ప ఎప్పుడూ చెయ్యలేదు. ఆమె తడినేలమీద వెల్లకిలా పడుకుని ట్రైలర్ కిందికి జరిగింది. ఓక్ కాయలు వీపులో గుచ్చుకున్నాయి.

హార్లన్ బూట్లు వచ్చి పక్కన నిలబడ్డాయి. "తల్లీ, ఆ పిడి ఇటివ్వు, నేను తిప్పుతా."

"మీరు తిప్పొద్దు. బయటకొచ్చిన చివర దగ్గర నిలబడండి. నేను తొయ్యమన్నప్పుడు తొయ్యండి. ఆపమన్నప్పుడు ఆపండి. అంతకుమించి మీ బుర్రలోకి ఏమొచ్చినా అక్కడే ఉంచుకోండి."

ఆయన వెళ్లి నిలబడ్డాడు.

ఇరుసు మొదట బిగుసుకుపోయింది. ఓపల్ పిడిని రెండు చేతులతో పట్టుకుని కాలు చక్రానికి తన్ని లాగింది. పావు చుట్టు. ఇంకో పావు. "తొయ్యండి!" హార్లన్ భుజం పెట్టి తోశాడు. "ఆపండి!" మళ్లీ పావు చుట్టు. మట్టి కళ్లలో పడింది. లోపల వెండెల్ వాంతి చేసుకుంటున్న శబ్దం నేలపలక గుండా ఆమె మొహానికి సరిగ్గా జానెడు పైన వినబడింది. ఆమెకు అతనిమీద జాలి కలగాలి, కలగలేదు. ఇంకొంచెం గట్టిగా తిప్పింది. ఎన్ని చుట్లో, యాభై దాటాక లెక్క మరిచిపోయింది. చివరకు వంకర చివర టక్కున సర్దుకుని, గది తిన్నగా లోపలికొచ్చి ఆగింది.

కిందనుంచి బయటకొచ్చి, ఒళ్లు దులుపుకోకుండానే, మట్టం మళ్లీ చూసింది. అడ్డం సరిగానే ఉంది. పొడుగు సరిగానే ఉంది. అప్పుడు మీట నొక్కింది. గది ఈసారి చప్పుడు లేకుండా, రెండు చివరలూ సమానంగా, బయటకు జరిగి కూర్చుంది. మూలల జాకీలు నేలకు తగిలించి, వాటిమీద చెయ్యేసి హార్లన్‌ను చూసింది. "ఇవి ఇలాగే ఉండాలి."

"ఉంటాయమ్మా," అన్నాడాయన. తన ట్రైలర్ వైపు చూసి, "మా జోయెట్టా కూడా పన్నెండేళ్లుగా తలుపు పట్టేస్తోందని గోల పెడుతుంది. దానికీ ఇదేనా కారణం?" అన్నాడు.

"అదే అయ్యుంటుంది," అని ఓపల్ లోపలికెళ్లిపోయింది.

వెండెల్ బాత్రూములోంచి గోడ పట్టుకుని వచ్చాడు. తిరుగుడు తగ్గినట్టుంది. సోఫా దాకా రాకుండా నడవలో ఆగి, చెప్పులు విప్పి, పాదాలు నేలకానించి నిలబడ్డాడు. పాత అలవాటు. ఓపల్ అతని మొహం చూస్తూ ఉంది. చెప్పకు, చెప్పకు అనుకుంది.

"ఇంకా కుడికే వాలుంది, ఓపల్," అన్నాడు.

ఆమె కేకలు వెయ్యలేదు. రసమట్టం తెచ్చి అతని పాదాల మధ్య పెట్టింది. బుడగ నడిమధ్యన ఉంది. వంటగట్టుమీద పెట్టింది. మధ్యన. ఫ్రిజ్ మీద, బల్లమీద, మంచం చట్రంమీద. ప్రతిచోటా మధ్యనే.

"అది చెడిపోయి ఉంటుంది," అన్నాడు వెండెల్.

"చూసుకో మరి."

వెండెల్ గోడ పట్టుకుని మెల్లగా మోకాళ్లమీద దిగాడు. మట్టాన్ని నేలమీద పెట్టి, బుడగ చూసి, ఉన్నచోటే దాన్ని ఎత్తి తలకిందులు కాకుండా అటు చివర ఇటు తిప్పి పెట్టాడు. సాధనం తప్పైతే బుడగ రెండోవైపుకు పోతుంది. ఏ మేస్త్రీ అయినా పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు చేసే పరీక్ష అదే. బుడగ కదల్లేదు. ఇంకోసారి తిప్పాడు. కదల్లేదు. అతను దాన్ని అలాగే చూస్తూ కూచున్నాడు.

"అయితే వాలింది నేనే," అన్నాడు.

ఓపల్ సోఫా అంచున కూలబడింది. ఒంటిమీది బురదంతా గుడ్డకు అంటుకుంటున్నా లేవలేదు. "ఏప్రిల్ నుంచి ఏడుచోట్ల ఆగాం, వెండెల్. ఏడుచోట్లా నువ్వు వాలుందన్నావు. ఏడుచోట్లా నేను కట్టినవన్నీ విప్పి, గది లోపలికి లాగి, బండి ముందుకు తీసి, చెక్కలు మార్చి మళ్లీ కట్టాను. కన్సాస్‌లో వానలో చేశాను. మండే ఎండలో చేశాను, గుర్తుందా, చేతులు బొబ్బలెక్కి?"

"గుర్తుంది."

"నీకప్పుడే తెలుసా? జబ్బువల్లేనని?"

వెండెల్ మట్టాన్ని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. "అనుమానం ఉండేది."

"మరెందుకు చెప్పావు?"

"ఎక్కడో ఒకచోట బాగుంటుందేమో అనుకున్నాను. నువ్వు ఇంకో చెక్క పెడితే, ఇంకో అంగుళం ఎత్తితే, ఒక్కచోటైనా కాళ్లకింద నేల సరిగ్గా ఉన్నట్టనిపిస్తుందేమోనని." అతను తలెత్తలేదు. "జబ్బు ట్రైలర్‌కే అయితే నువ్వు బాగుచేస్తావు కదా."

ఓపల్ అతని బట్టతల వైపు చూసింది. అతన్ని కొట్టాలనిపించింది, పక్కన కూచోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. లేచి మొహం కడుక్కుని, మధ్యాహ్నం మిగిలిన చిక్కుడుగింజల కూర వేడిచేసి, రెండు మొక్కజొన్న రొట్టె ముక్కలు పెట్టి, కంచం నేలమీదే అతని ముందుంచింది. లేవడం కష్టంగా ఉంది కదా అని. తనది తీసుకుని ఎదురుగా గోడకు జేరబడింది.

"ఉప్పు లేదు," అన్నాడు వెండెల్.

"డాక్టరు వద్దన్నాడు."

"తెలుసులే. ఊరికే అన్నా."

ఆ తరువాత ఏడు వారాలు వాళ్లు ఆ జాగాలోనే ఉన్నారు. వెండెల్ వాలు మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తకపోవడమూ ఓపల్‌కు ఊరటనివ్వలేదు. అతను నడవలో రెండు గోడలకూ చేతులు ఆనించుకుని, పడవలో నడిచినట్టు నడుస్తుంటే, ఏదైనా అంటే బాగుండు అనిపించేది. హార్లన్ పొద్దున్నే తన కాఫీ కప్పుతో వచ్చి, వెండెల్‌తో వాతావరణమూ ఓపల్‌తో జాకీలూ మాట్లాడడం అలవాటు చేసుకున్నాడు. ఒకరోజు ఓపల్ ఆయన ట్రైలర్ కిందికి దూరి నాలుగు జాకీలూ వదులు చేయించి, చక్రాల కింద చెక్కలు పెట్టించింది. తలుపు మొదటిసారి చప్పుడు లేకుండా పడిందని జోయెట్టా ఆపిల్ పళ్ల తీపి రొట్టె చేసి పంపింది. ఓపల్‌కు సంతోషం కలిగింది. ఆ వెంటనే విసుగూ పుట్టింది. ఊళ్లోవాళ్ల బళ్లన్నీ బాగుచెయ్యగలదు, లాభమేముంది!

నవంబరులో వెండెల్‌కు వారం తిరక్కుండా మూడుసార్లు తిరుగుడొచ్చింది. మూడోసారి స్నానాలగదిలో పడి కనుబొమ్మ చిట్లింది. ఆ మర్నాడు అతనే అన్నాడు. "ఎక్కడైనా ఆగిపోదామే. డాక్టరుకు దగ్గర్లో. కదలకుండా."

ఓపల్‌కు ఆ మాట ఎప్పుడో వస్తుందని తెలుసు. వచ్చే వేసవిలో ఒరెగాన్ తీరం చూడాలనుకున్నారు. ముసలితనమంతా రోడ్డుమీదే అనుకున్నారు. ఆమెకు స్టీరింగు చేతిలో ఉంటేనే ఒళ్లు తేలిగ్గా ఉంటుంది.

"నీకిష్టమేనా?" అన్నాడు.

"ఇష్టం లేదు," అంది. "వెళదాం పద."

డిసెంబరు మొదట్లో స్ప్రింగ్‌ఫీల్డ్ శివార్లలో, ఏడాది పొడుగునా ఉండనిచ్చే ట్రైలర్ పార్కులో చోటు దొరికింది. కొత్తగా పోసిన కాంక్రీటు. ఇక చెక్కల గొడవ ఉండదనుకుంటూ ఓపల్ ఒక్కదెబ్బలో ట్రైలర్‌ను వెనక్కి పెట్టింది. దిగి రసమట్టం పెడితే బుడగ గీత దాటి ఒక పక్కకు ఆగింది.

"కాంక్రీటు కూడా వాలేనా!" అని ఆమె చెక్కల పెట్టెను కాలితో తన్నింది.

వెండెల్ పికప్ తలుపు పట్టుకుని దిగాడు. బూటుకాలితో కాంక్రీటును ఓసారి తట్టి చూశాడు. "వాననీళ్లు పోవడానికి వాలు పెట్టే పోస్తారు. బాగా పోశారు." తరువాత ఆమెను చూసి, "ఈసారి నన్ను అడక్కు," అన్నాడు.

"అడగను," అని ఓపల్ పెట్టె మూత తీసి, ఒక పలచటి బద్ద పట్టుకుని చక్రం దగ్గర మోకాళ్లమీద కూచుంది.